మట్టిలోని పాత డిపాజిట్లు

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం. కలుపు మొక్కల చరిత్ర రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. గంగావతి దాపున, తుంగభద్ర ఎడమ కాలువ కింద, మాకు రెండెకరాల మాగాణి ఉంది. 1950లలో కృష్ణా జిల్లా నుంచి ఈ క్యాంపుకు వలస వచ్చిన మా తాతయ్య సంపాదించిన నేల అది. ఆ నేలలో ఒక శీతాకాలం నేను చేసిన పొరపాటే ఈ వ్యాసానికి మూలం.

2023లో వానలు ముఖం చాటేశాయి. డ్యాము నిండలేదు. రెండో పంటకు నీళ్ళు రావని తేలిపోయింది. అప్పుడు తాతయ్య చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే మినుములు చల్లేవారట. దుక్కి లేదు, తడి లేదు. నేలలో మిగిలిన పదునుతోనే మినుము పండేది. ఆ పద్ధతి అక్కడ ఇప్పటికీ ఉంది. సరే, నేనూ చల్లించాను.

తాతయ్య కాలానికీ మనకీ మధ్య కోతమిషను వచ్చిందన్న విషయం నాకు తట్టలేదు. కూలీలు కోస్తే పనలు ఆరాక మోసుకెళ్ళి వామి వేస్తారు. మిషను కోస్తే గడ్డి వెనకాల బారులుగా, మందంగా పడిపోతుంది. “అగ్గిపుల్ల గీసేద్దాం అన్నయ్యా” అన్నాడు తమ్ముడు. అడుగున మినుములున్నాయి కదా, వద్దన్నాను. ఒక ముక్కలో గడ్డి మొత్తం పశువులున్నవాళ్ళు పట్టుకెళ్ళారు. ఇంకో ముక్కలో సగం వాళ్ళకిచ్చి, మిగిలిన సగాన్ని పలచగా పరిపించాను. గడ్డి కప్పితే పదును నిలుస్తుందనీ, కలుపు రాదనీ ఎక్కడో చదివిన గుర్తు. మూడో ముక్కలో మనుషులు దొరకక బారులు అలాగే ఉండిపోయాయి.

ఇరవై రోజుల తర్వాత వెళ్ళి చూస్తే ఒకే పొలంలో మూడు పొలాలు కనిపించాయి. గడ్డి లేనిచోట మినుము అక్కడక్కడా, కలుపూ అక్కడక్కడా ఉన్నాయి. మందపు బారుల కింద కలుపు లేదు, మినుమూ లేదు. తీసి చూస్తే పాలిపోయిన మొలకలు వంకర తిరిగి ఉన్నాయి. నేను ముచ్చటపడి పలచగా పరిపించిన చోట మాత్రం ఊద, పావలికూర, తుంగ తివాచీలా లేచాయి. వట్టి నేలలోకంటే అక్కడే ఎక్కువ!

కలుపు తీసే ముఠాను వెంటబెట్టుకొచ్చిన మేస్త్రమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఆమెది కన్నడ, తెలుగు కలిసిన మాట. “ఆ బారుల్లో మాకు పని లేదు, మీకు పంటా లేదు సార్. ఈ పలచన చేలో మాత్రం ముఠా మొత్తానికి నాలుగు రోజుల పని పెట్టారు” అంది. నవ్వుతూనే అంది గాని, అప్పటి నుంచి నాకు కుదురు లేదు. దొరికినవన్నీ చదివాను. చదివినదాన్ని నాకు తెలిసిన బ్యాంకు భాషలో చెబుతాను.

ఆశ్చర్యం ఏమిటంటే, కలుపు శాస్త్రజ్ఞులదీ బ్యాంకు భాషే. మట్టిలో మొలకెత్తకుండా పడి ఉన్న గింజల నిల్వను వాళ్ళు సీడ్ బ్యాంక్ అంటారు. ఏటా కలుపు గింజ రాలి జమ అవుతుంది, కొంత మొలిచి ఖర్చవుతుంది, కొంత కుళ్ళిపోయి రద్దవుతుంది. మిగిలింది నిల్వ. ఆ నిల్వ ఎంతకాలం చెల్లుతుందో తెలుసుకోవాలని అమెరికాలోని మిచిగన్ వ్యవసాయ కళాశాలలో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడు 1879లో 20 సీసాల్లో ఇసుకతో కలిపి కలుపు గింజలు నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొకటి చొప్పున తీసి నాటి చూడాలని ఏర్పాటు. ఆయన పోయినా ఏర్పాటు పోలేదు. 2021లో తీసిన సీసాలో గింజలు 141 ఏళ్ళ తర్వాత కూడా కొన్ని మొలిచాయి. ఇంత పాత డిపాజిట్టును వడ్డీతో సహా చెల్లించిన బ్యాంకును నేనెరగను.

ఆ సీసాను తవ్వి తీసింది తెల్లవారక ముందు, చీకట్లో. కారణం, గింజకు వెలుతురు తగలకూడదని. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

1952లో అమెరికాలోనే బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ అనే ఆకుకూర గింజలతో ఒక విచిత్రం కనిపెట్టింది. తడిపిన గింజలకు క్షణకాలం ఎర్ర వెలుగు చూపిస్తే మొలుస్తాయి. వెంటనే ఎరుపుకు అవతలి అంచున ఉండే వెలుగు చూపిస్తే మానుకుంటాయి. మళ్ళీ ఎరుపు చూపిస్తే మొలుస్తాయి. ఎన్నిసార్లు మార్చినా, చివర చూసిన వెలుగు ఏదో దాని మాటే చెల్లుతుంది. గింజలో వెలుగును గుర్తుపట్టే పదార్థం ఉందని దీనివల్ల రుజువైంది. చాలా కలుపు గింజలదీ ఇదే పద్ధతి. చిన్న గింజకు తన సంచిలో తిండి తక్కువ. లోతున మొలిస్తే పైకి రాకముందే తిండి అయిపోయి చస్తుంది. అందుకని వెలుతురు తగిలితేనే, అంటే పైకి దగ్గరగా ఉన్నానని తెలిస్తేనే, కళ్ళు తెరుస్తుంది. పగటి వేడికీ రాత్రి చలికీ మధ్య తేడా కూడా చాలా గింజలకు అలాంటి సైగే. పైపొరలోనే ఆ తేడా ఎక్కువ కాబట్టి.

ఇది తెలిశాక నాగలి చరిత్రను వేరే కంటితో చూడవలసి వచ్చింది. దుక్కి దున్నడం కలుపును చంపడానికని మనం అనుకుంటాం. మొలిచి ఉన్నదాన్ని చంపుతుంది, నిజమే. అదే సమయంలో అడుగున నిద్రపోతున్న గింజను పైకి తెచ్చి, ఒక్కసారి సూర్యుణ్ణి చూపించి, మళ్ళీ మట్టిలో వేస్తుంది. పాత డిపాజిట్టుకు కొత్త రసీదు రాసిచ్చినట్టే. 1990లో జర్మనీలో హార్ట్‌మన్, నెజాదల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రాత్రిపూట దున్నితే కలుపు బాగా తగ్గిందని ప్రకటించారు. తర్వాత వేరేచోట్ల చేసినవారికి ఫలితం ఒక్కలా రాలేదు గాని, దారి సరైనదే.

నాగలిని అనుమానించడం అమెరికాలో 1930లలో మొదలయింది. అక్కడి మైదానాల్లో దున్ని దున్ని బోడి చేసిన నేల దుమ్ము తుఫానులై లేచిపోయింది. 1938 ప్రాంతంలో నెబ్రాస్కాలో డ్యూలీ, రస్సెల్ అనే పరిశోధకులు కొయ్యకాళ్ళనూ గడ్డినీ నేలమీదే వదిలే సేద్యం మీద పని మొదలుపెట్టారు. 1943లో ఎడ్వర్డ్ ఫాల్క్‌నర్ నాగలిని నేరుగా నిందిస్తూ ఒక పుస్తకం రాసి పెద్ద గొడవ లేవదీశాడు. కాని రైతు అడిగే ప్రశ్న ఒకటే: దున్నకపోతే కలుపు సంగతేమిటి? దానికి జవాబు గడ్డిలోంచి రాలేదు, సీసాలోంచి వచ్చింది. తగిలిన ప్రతి పచ్చని ఆకునూ మాడ్చి, మట్టి తగలగానే నిర్వీర్యమయ్యే పారాక్వాట్ మందు 1962లో బజారుకొచ్చింది. అదే ఏడు కెంటకీ రాష్ట్రంలో హారీ యంగ్ అనే రైతు ఎకరానికి లోపు నేలలో దున్నకుండా మొక్కజొన్న వేసి పండించాడు. దున్నని సేద్యం వ్యాపించడానికి మందు ఊతకర్ర అయింది. ఆ మందు తాగిన మనిషికి మాత్రం విరుగుడు లేదు. ఈ మాట పల్లె శాఖల్లో పనిచేసిన బ్యాంకు వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మందు లేకుండా అదే పని చేసినవాడు జపాన్‌లో షికోకు ద్వీపపు మసనొబు ఫుకువోకా. ఆయన పుస్తకం 1975లో వెలువడింది, తెలుగులోకీ వచ్చింది. వరి కోయకముందే చేలో యవల గింజలు చల్లడం, కోశాక వరిగడ్డినంతా తిరిగి అదే చేలో పరచడం, అడుగున క్లోవర్ మొక్కను పెంచడం ఆయన పద్ధతి. ఆ మొదటి మెట్టు మా తాతయ్య మినుముల చల్లకమే. తేడా రెండో మెట్టులో ఉంది. ఫుకువోకా గడ్డినంతా చేనికే ఇచ్చాడు. మన డెల్టాలో గడ్డి ఎద్దుకూ గేదెకూ వెళ్ళింది. మనవాళ్ళకు తెలియక కాదు, గడ్డికి అప్పటికే హక్కుదారు ఉన్నాడు.

మరి ఎంత గడ్డి కావాలి? నా పొరపాటుకు సమాధానం ఇక్కడ దొరికింది. బెల్ట్స్‌విల్‌లో జాన్ టీస్‌డేల్, కార్నెల్‌లో చార్లెస్ మోలర్ ఎన్నో రకాల కప్పుళ్ళు – రై గడ్డి, మొక్కజొన్న చొప్ప, చెట్టు బెరడు, ఆకులు – రకరకాల మందాల్లో పరిచి, ఎన్ని కలుపు మొలకలు పైకి వస్తాయో లెక్కపెట్టి 2000లో ప్రచురించారు. ఏ పదార్థం అన్నదానికంటే, అది ఎంత మందాన నేలను కప్పిందీ, సందులెన్ని మిగిలాయీ అన్నదే ముఖ్యమని తేలింది. చిన్న గింజ గల తోటకూర జాతి కలుపు అన్నింటికంటే ముందు అణిగిపోయింది. మన తుత్తురబెండకు చుట్టమైన పెద్ద గింజ కలుపు అన్నింటికంటే మొండిగా చీల్చుకొచ్చింది. ఇంకో సంగతి కూడా కనబడింది. కప్పు మరీ పలచనైతే కొన్ని కలుపు మొక్కలు వట్టి నేలలోకంటే ఎక్కువగా మొలుస్తాయి. సందుల్లోంచి వెలుతురు దిగుతుంది, కింద చెమ్మ నిలుస్తుంది. గింజకు కావలసిన రెండూ అందుతాయి. నా చేలో జరిగింది అక్షరాలా ఇదే. కలుపుకు పందిరి వేసి నీళ్ళు పోశాను.

మన దేశంలో ఈ లెక్కను తేల్చినవాళ్ళు పంజాబు, హర్యానా వాళ్ళు. తేల్చక తప్పని పరిస్థితి వచ్చింది. 1966లో మెక్సికో పొట్టి గోధుమ విత్తనం 18,000 టన్నులు దిగుమతయింది. గోధుమ పొట్టిదై, నీరూ ఎరువూ పెరిగి, వరి తర్వాత గోధుమ అనే వరస స్థిరపడేసరికి, గుల్లీ డండా అనే గడ్డికలుపు పెట్రేగింది. చిన్నప్పుడు అది అచ్చు గోధుమ మొక్కలాగే ఉంటుంది, పీకుదామంటే పోల్చుకోలేం. ఐసోప్రోట్యురాన్ మందుతో పదేళ్ళకు పైగా అణచిపెట్టారు. ఏటా అదే మందు కొడితే, దానికి లొంగనిదే బతికి గింజ వేసింది. 1990ల తొలినాళ్ళకు మందు పనిచేయడం మానేసింది. కొందరు రైతులు గోధుమను గింజ పట్టకముందే పశువుల మేతకు కోసేసుకున్నారు. మేము మొండి బాకీ అంటామే, సరిగ్గా అది.

ఆ దశాబ్దం చివర రెండు ఉపాయాలు కలిసి నడిచాయి. కొత్త మందులు ఒకటి, దున్నకుండా విత్తడం రెండు. దున్నకపోతే అడుగు గింజ పైకి రాదు, సాలు మధ్య నేల కదలదు, గుల్లీ డండా తక్కువగా మొలుస్తుంది. పైగా దుక్కి రోజులు మిగిలి గోధుమ ముందే లేస్తుంది. కాని కోతమిషను వదిలిన వరిగడ్డి విత్తు యంత్రపు కొయ్యలకు చుట్టుకునేది. అందుకని నిప్పు పెట్టేవారు. కాల్చిన బూడిద, నేలమీద కొట్టే కొన్ని కలుపు మందులను పట్టేసుకుని వాటి పని తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. అంటే కాల్చినవాడు గడ్డిని పోగొట్టుకుని, మందులోనూ కొంత పోగొట్టుకున్నాడు.

2001 నుంచి ఆస్ట్రేలియా, పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయ ఇంజనీర్లు కలిసి హ్యాపీ సీడర్ అనే యంత్రాన్ని తయారుచేశారు. గడ్డిని కోసి తప్పిస్తుంది, కింద గింజ నాటుతుంది, గడ్డిని మళ్ళీ పైన కప్పుతుంది. గోధుమకు సాలు వెంట దారి దొరుకుతుంది, కలుపుకు దొరకదు. కర్నాల్ గోధుమ పరిశోధకులు 2009లో ప్రకటించిన లెక్క నాకు బాగా నచ్చింది. హెక్టారుకు రెండున్నర టన్నుల గడ్డి పరిస్తే కలుపు మీద ప్రభావం లేదు. 5 నుంచి 7.5 టన్నులు పరిస్తే గుల్లీ డండా బరువు దాదాపు పావు వంతు నుంచి సగం దాకా తగ్గింది. మన ఎకరాల్లో చెప్పుకుంటే, ఒక టన్ను దండగ, రెండు మూడు టన్నులు పని చేస్తాయి.

బ్యాంకులో మాకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. అవసరానికి మించి అప్పివ్వడం ఎంత తప్పో, చాలీచాలకుండా ఇవ్వడం అంత తప్పు. లక్ష కావలసినవాడికి నలభై వేలిస్తే పనీ జరగదు, బాకీ మాత్రం మిగులుతుంది. గడ్డి లెక్కా ఇంతే. మా వైపు ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్పై పండితే రెండు టన్నుల పైచిలుకు ధాన్యం. గడ్డి కూడా రమారమి అంతే వస్తుంది. అంటే కలుపును అణచడానికి కావలసినంత గడ్డిని చేను తనంతట తానే ఇస్తోంది. అందులో సగం ఇంకొకరికి పోతే చాలకుండా పోతుంది. నేను సగం ఇచ్చి సగం పరిచాను.

పంజాబులో సైతం లెక్క కాగితం మీద కుదిరినంత తేలిగ్గా నేలమీద కుదరలేదు. భూగర్భజలాలు కాపాడడానికి 2009లో చేసిన చట్టం వరి నాట్లను జూన్ 10 తర్వాతికి జరిపింది. కోత ఆలస్యమై, కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య గడువు కుదించుకుపోయింది. యంత్రం ఖరీదైనది, పెద్ద ట్రాక్టరు కావాలి, ఏడాదికి మూడు నాలుగు వారాలే పని. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడ్డి కాల్చవద్దంది. 2018లో కేంద్రం యంత్రాలకు సబ్సిడీ పెట్టింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు, గడ్డి కాల్చని చిన్న రైతులకు బాసుమతి కాని వరిపై క్వింటాలుకు 100 రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. గడ్డికి ఇంత వెల ఉందని న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

ఆ వార్త చదివిన రోజున నా బల్లమీది కాగితాలు గుర్తుకొచ్చాయి. ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పివ్వచ్చో ఏటా జిల్లా స్థాయిలో నిర్ణయిస్తారు. నేను చూసిన పట్టికల్లో విత్తనానికి, ఎరువుకు, మందుకు, కూలికి పద్దులున్నాయి. గడ్డిని చేలో ఉంచినందుకు పద్దు నాకెక్కడా కనబడలేదు. ఈ ఆయకట్టులో ఎన్నో కోతమిషన్లకు అప్పు కాగితాల మీద సంతకం చేసినవాణ్ణి నేనే. దాని వెనక గడ్డిని ముక్కలు చేసి చేనంతా సమానంగా వెదజల్లే అమరిక ఒకటి పెట్టవచ్చనీ, పంజాబులో అది పెడుతున్నారనీ ఎవర్నీ అడగలేదు. నాకు తెలియదు. ఆ అమరిక ఉంటే నా మూడో ముక్కలో బారులు పడేవి కావు.

ఇంకొక పద్దు కూడా ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. కోతమిషను ఆడవాళ్ళ కోతపని తీసుకుంది. కలుపు మందు కలుపుపనిలో చాలా భాగం తీసుకుంది. ఇప్పుడు గడ్డి మిగిలిందీ తీసుకుంటే ఆ ముఠాకు ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు నేను చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు.

నేను చేసింది చాలా చిన్న పని. మరుసటి ఏడు ఇంటి వెనక ఐదు సెంట్ల మడిలో మిరప నారు నాటించాను. నాటేది నారు కనుక గడ్డిని చీల్చుకు రావలసిన అవసరం లేదు. ఎకరానికి రెండున్నర టన్నుల లెక్కన, తూకం వేసి నూట పాతిక కిలోల గడ్డి తెప్పించాను. అదే మేస్త్రమ్మను, ఇంకో ఇద్దరిని పిలిచి, మొక్కల మధ్య సందు లేకుండా, మొదళ్ళ దగ్గర మాత్రం బెత్తెడు ఎడం వదిలి పరిపించాను. కలుపు తీసినప్పటి కూలే ఇచ్చాను. నా డైరీలో “గడ్డి పరిచిన కూలి” అని ఒక పద్దు రాసుకున్నాను.

నెల తిరిగాక ఆమె వచ్చి చూసింది. ఊద లేదు, పావలికూర లేదు. వంగి గడ్డి ఎత్తి చూసి, చెమ్మను వేలితో పట్టి చూసుకుని, తల ఊపింది. గడ్డిని సూదిలా పొడుచుకుని పైకొచ్చిన తుంగ పోచలు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. తుంగది గింజ లెక్క కాదు, దుంప లెక్క. అడుగున మూట నిండా తిండి దాచుకున్నదానికి ఈ మందం ఒక అడ్డం కాదు.

ఆమె కొంగు బిగించి కూర్చుంటూ అంది: “దీనికి మీ గడ్డి చాలదు సార్. దీనికి నేను రావాల్సిందే.”